వీధి పిల్లలకు షెల్టర్ పెట్టాలంటే: దరఖాస్తులో అందరూ ఆగిపోయేది రసీదు దగ్గర

ఇల్లు వదిలి స్టేషన్లలో, బస్టాండుల్లో పడుకునే పిల్లల కోసం నలుగురూ కూడి చందాలు వేసుకుంటారు, ఇల్లు అద్దెకు తీసుకుంటారు, మంచాలూ దుప్పట్లూ కొంటారు, బోర్డు కూడా కట్టేస్తారు. పదిమంది పిల్లలు వచ్చి చేరాక ఒకరోజు అధికారులు వచ్చి రిజిస్ట్రేషన్ చూపించమంటే సొసైటీ సర్టిఫికెట్ తీసి చేతిలో పెడతారు. అది చెల్లదు. సొసైటీ సర్టిఫికెట్ మీ సంఘానికి బ్యాంకు ఖాతా తెరవడానికి, పేరు మీద కాగితాలు రాసుకోవడానికి పనికొస్తుంది, అంతేగానీ పిల్లల్ని రాత్రిపూట ఉంచుకోవడానికి కాదు.

సంరక్షణ, రక్షణ అవసరమైన 18 ఏళ్ళ లోపు పిల్లలకు వసతి ఇచ్చే సంస్థ ఏదైనా, ప్రభుత్వం నుంచి పైసా తీసుకోకపోయినా సరే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని సెక్షన్ 41 కింద విడిగా రిజిస్టర్ కావాలి. కాకుండా నడిపితే సెక్షన్ 42 ప్రకారం నిర్వాహకులకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దరఖాస్తు చేయడంలో ప్రతి 30 రోజుల ఆలస్యమూ ఒక్కో విడి నేరం కింద లెక్క. మంచిపనే చేస్తున్నాం కదా, మనల్ని ఎవరేమంటారులే అనుకునేవాళ్ళే ఇక్కడ ఎక్కువ ఇరుక్కుంటారు కాబట్టి ఇది ముందే చెప్పాల్సి వచ్చింది.

ముందు ఒకటి తేల్చుకోండి, మీరు ఉంచాలనుకున్నది ఏ వయసువాళ్ళను? 18 దాటిన యువకులకైతే ఇది దారే కాదు. నిరాశ్రయులైన పెద్దలకు వసతి పట్టణ స్థానిక సంస్థల పని, మున్సిపాలిటీకి వెళ్ళి మాట్లాడుకోవాలి. పిల్లల హోముల్లో పెరిగి 18 నిండాక బయటికొచ్చినవాళ్ళకు ఇదే చట్టంలో సెక్షన్ 46 కింద 21 ఏళ్ళ వరకు ఆఫ్టర్‌కేర్ సాయం ఉంది, అది అడగాల్సింది జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో. పదిహేనేళ్ళ పిల్లాణ్ణీ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణీ ఒకే హాల్లో పడుకోబెట్టే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే మానుకోండి.

ఇక మామూలు పనులు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2001 చట్టమే, కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా. భవనం అద్దె ఒప్పందం సొసైటీ పేరు మీదే రాయించుకోండి, అధ్యక్షుడి పేరు మీదో ఆయన బావమరిది పేరు మీదో వద్దు. స్థలం విషయానికొస్తే ఈ చట్టం కింద కేంద్రం చేసిన 2016 మోడల్ రూల్స్ 25 మంది పిల్లలకు 1000 చదరపు అడుగుల డార్మిటరీ అంటున్నాయి, రెండు గదుల పోర్షన్ చూపించి ముప్ఫైమందిని ఉంచుతామంటే ఫైలు అక్కడే ఆగుతుంది.

దరఖాస్తు ఆ రూల్స్‌లోని ఫారం 27లో ఉంటుంది. అందులో మీది చిల్డ్రన్స్ హోమా, ఓపెన్ షెల్టరా అని చెప్పాలి. దీర్ఘకాలం ఉంచి చదివించేది హోమ్. వీధిలో ఉన్న పిల్లల్ని కొంతకాలం ఉంచి, ఆ బతుకు నుంచి మెల్లగా తప్పించేది సెక్షన్ 43 కింద ఓపెన్ షెల్టర్. కొత్తగా మొదలుపెట్టే సంఘాలకు చాలావరకు సరిపోయేది రెండోదే, కానీ హోమ్ అంటే పెద్దగా వినిపిస్తుందని అది రాసేసి తర్వాత బాధపడతారు. జతచేయాల్సినవి: సంఘం నియమావళి, మెమోరాండం, కార్యవర్గం జాబితా, గత మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు, ఇంతకుముందు చేసిన సేవ వివరాలు, ఒక డిక్లరేషన్.

నిన్నగాక మొన్న పుట్టిన సంఘానికి మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? పాత తేదీలతో లెక్కలు తయారుచేసి ఇస్తామనేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. ఆ కాగితం ముట్టుకోవద్దు, అది తప్పుడు పత్రం, రేపు కేసంటూ పడితే సంతకం పెట్టిన మీ మీదే పడుతుంది. లెక్కలు సరిగ్గా ఉన్న పాత సొసైటీ ఏదైనా మీ ఊళ్ళో ఉంటే దాని పేరున దరఖాస్తు పెట్టి మీరంతా అందులో పనిచేయడం నిజాయితీ ఉన్న దారి. బోర్డు మీద మన పేరు ఉండదేమోనన్న బెంగ ఉంటే ఉండనివ్వండి.

డిక్లరేషన్‌ను చాలామంది చదవకుండానే సంతకం పెడతారు. నేరం రుజువై శిక్ష పడలేదని, పిల్లల వేధింపులతో సంబంధం లేదని, బాలకార్మికులను పెట్టుకోలేదని, ప్రభుత్వం బ్లాక్‌లిస్టులో పెట్టలేదని అందులో ఉంటుంది. కార్యవర్గంలో ఎవరి కొట్లోనో ఇంట్లోనో పన్నెండేళ్ళ పిల్ల పనిచేస్తోందా? సంతకానికి ముందే కనుక్కోండి. అడగడం ఇబ్బందే, అయినా అడగాలి.

అన్నీ సర్దుకుని జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో, బాలల పరిరక్షణ విభాగం దగ్గర ఇస్తారు. అక్కడ ఉన్నవాళ్ళు తీసుకుని "సరే, చూసి చెప్తాం, వెళ్ళండి" అంటారు. మీరూ దండం పెట్టి వచ్చేస్తారు. అసలు దెబ్బ తగిలేది ఇక్కడే.

ఎందుకంటే సెక్షన్ 41 ప్రకారం దరఖాస్తు అందిన నెలలోపు ప్రభుత్వం ఆరు నెలలకు మించని తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. నెలలో ఇవ్వకపోతే, మీరు దరఖాస్తు ఇచ్చినట్టున్న రసీదునే తాత్కాలిక రిజిస్ట్రేషన్‌గా చూడాలని 41లోనే నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది, అదీ గరిష్ఠంగా ఆరు నెలలకు. ఆరు నెలల్లో ఫైలు తేల్చకపోతే అది ఆ అధికారుల విధి నిర్లక్ష్యం కిందికి వస్తుందని ఐదో ఉపసెక్షన్. అంటే తేదీ, ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు (వచ్చిన కాగితానికి కార్యాలయం వేసే నంబరు) ఉన్న ఆ చిన్న కాగితంతోనే మీ గడువులన్నీ మొదలవుతాయి. అది లేకపోతే మీరు దరఖాస్తు చేశారనడానికి రుజువే లేదు, రెండేళ్ళు తిరిగినా ఫైలు మొదలైనట్టు కాదు.

కాబట్టి రెండు సెట్లు తీసుకెళ్ళండి, ప్రతి పేజీకీ నంబరు వేయండి, జతచేసిన పత్రాల జాబితా పైన పెట్టి ఆ జాబితా మీదే ముద్ర వేయించుకోండి. ఉత్తి కవరింగ్ లెటర్ మీద ముద్ర ఉంటే రేపు ఫలానా కాగితం ఇవ్వలేదనొచ్చు. వాళ్ళు ముద్ర వేయబోమంటే గొడవ పెట్టుకోవద్దు, అదే సెట్టును స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ అయిన రుజువు దాచుకోండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట ఇచ్చి నంబరు తీసుకోండి. ఈ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత రిజిస్ట్రేషన్‌కు ముందు కలెక్టర్ సిఫార్సును కూడా చూస్తారు కాబట్టి అక్కడ ఒక కాపీ ఉండటం వృథా కాదు. తర్వాత ఫైలు ఎక్కడుందో ఎవరూ చెప్పకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.

దళారులు అమ్మేది సరిగ్గా ఈ రసీదునే. "లోపల మనవాళ్ళున్నారు, నెలలో ప్రొవిజనల్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) తెప్పిస్తా" అని డబ్బు తీసుకుంటారు, నెల గడిచాక మీ దరఖాస్తు రసీదే లామినేషన్ చేసి తెచ్చిస్తారు. చట్టం ఊరికే ఇచ్చినదాన్ని మీకే అమ్మారన్నమాట. కొందరైతే అసలు దరఖాస్తే ఇవ్వరు, ఇన్‌వార్డ్ నంబరు కూడా వాళ్ళే రాసేస్తారు. కార్యాలయానికి మీ సభ్యుడొకరు స్వయంగా వెళ్ళడం ఒక్కటే దీనికి మందు.

రసీదు చేతికి వచ్చింది కదా అని మర్నాడే పిల్లల్ని తెచ్చి నింపేయకూడదు, ఇది కూడా గుర్తుంచుకోండి. దొరికిన పిల్లల్ని మీ అంతట మీరు చేర్చుకునే అధికారం పూర్తి రిజిస్ట్రేషన్ వచ్చాక కూడా ఉండదు. అయినవాళ్ళు లేకుండా కనిపించిన పిల్లల గురించి 24 గంటల్లోపు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, పోలీసులకు గానీ, బాలల సంక్షేమ కమిటీకి గానీ చెప్పాలి, ప్రయాణ సమయం ఇందులో లెక్కకు రాదు. చెప్పకపోవడం కూడా నేరమే, ఆరు నెలల వరకు జైలు లేదా పదివేల జరిమానా లేదా రెండూ. ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది కమిటీ, మీ దగ్గరుండే ప్రతి బిడ్డకూ కమిటీ ఆర్డర్ ఫైల్లో ఉండాలి. తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది అదే. చందాల కోసం పిల్లల ముఖాలు కనిపించేలా ఫోటోలు పెట్టడం కూడా ఆపండి, సెక్షన్ 74 కింద గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు.

తనిఖీ అంటే టెన్షన్ పడాల్సిన పని లేదు. లోపాలు చెప్తే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, సరిచేసి మళ్ళీ రాతపూర్వకంగానే తెలియజేయండి, దానికీ రసీదు తీసుకోండి. ఈలోగా సంఘం ఖాళీగా కూర్చోనక్కర్లేదు, పగటిపూట చదువు చెప్పొచ్చు, డాక్టరుకు చూపించొచ్చు, కమిటీ ముందుకు వెళ్ళే పిల్లలకు తోడు వెళ్ళొచ్చు. రాత్రి ఉంచనంతవరకు వీటికి సెక్షన్ 41 అడ్డం రాదు. పూర్తి సర్టిఫికెట్ ఫారం 28లో వస్తుంది, ఐదేళ్ళు చెల్లుతుంది, దాని మీద ఎంతమంది పిల్లలని రాసి ఉంటే అంతమందే.