చార్జింగ్ లోపాలు, మూడో పాఠం: దారిలో పోయిన వోల్టు

పోయిన పాఠంలో మన చిన్న విమానం బ్యాటరీని విడిగా చూశాం. రాత్రంతా వదిలేసినా పొద్దున 12.6 వోల్టులు చూపించింది కాబట్టి తప్పు దానిది కాదు. మరి ఇంజన్ నడుస్తున్నా ప్యానెల్ మీటరు 13.1 దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? రావలసింది 14కి అటూ ఇటూ. ఈ దశలోనే చాలామంది ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ విప్పేస్తారు. నేనూ విప్పాను, కొత్తది కొని బిగించాను, మీటరు మళ్ళీ 13.1 అనే అంది. డబ్బు పోయిన బాధ కన్నా, పాతది బాగానే ఉందని తెలిసినప్పుడు కలిగిన సిగ్గే ఎక్కువ.

ఆ రోజు నేను వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. ఆల్టర్నేటర్ దగ్గర పుట్టిన వోల్టేజీ బ్యాటరీ దాకా చేరుతోందా, లేక దారిలో ఎక్కడో పోతోందా? వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లోపలే ఉన్న ఆల్టర్నేటర్ తన సొంత టెర్మినల్ దగ్గరే కొలుచుకుంటుంది. అక్కడ 14.2 కనిపిస్తే దానికి అంతా బాగున్నట్టే, అవతల బ్యాటరీ ఆకలితో ఉన్న సంగతి దానికి తెలియదు.

కొలిచే ముందు ఒక మాట. తిరుగుతున్న ప్రొపెల్లర్ దగ్గరికి మల్టీమీటర్ పట్టుకుని వెళ్ళొద్దు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే ఆల్టర్నేటర్ నుంచి కరెంటు బయటికొచ్చే బి టెర్మినల్‌కి ఒక పొడవాటి వైరు, బ్యాటరీ పాజిటివ్‌కి ఇంకొకటి క్లిప్పులతో తగిలించి, రెండింటికీ క్లిప్పు దగ్గరే చిన్న ఫ్యూజు పెట్టి (బి టెర్మినల్‌లో ఇంజన్ ఆగినా బ్యాటరీ కరెంటు ఉండొచ్చు), కదిలే భాగాలకు, ఎగ్జాస్ట్‌కు తగలకుండా కట్టి కాక్‌పిట్‌లోకి తెచ్చుకోండి. చక్రాలకు అడ్డాలు పెట్టాలి, కంట్రోల్స్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి.

ఇప్పుడు మల్టీమీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి ఎర్ర ప్రోబ్ బి వైరుకి, నల్లది బ్యాటరీ వైరుకి. ఇంజన్ స్టార్ట్ చేసి, రివ్స్ (ఇంజన్ తిరిగే వేగం) పెంచి, ల్యాండింగ్ లైట్లు లాంటి లోడ్లన్నీ వేయండి, ఎందుకంటే కరెంటు పారకపోతే లోపం బయటపడదు. మీటరు చూపించే అంకే దారిలో పోయిన వోల్టేజీ. 0.2, 0.3 అయితే పర్వాలేదు. అర వోల్టు దాటితే వెతకాలి. నాకు 1.1 వచ్చింది!

తర్వాత ఇంజన్ ఆపి, వైర్లు మార్చి నెగెటివ్ వైపు కూడా ఇలాగే చూడండి, ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి. ప్రోబ్‌లు ఎలా పెట్టారన్నదాన్ని బట్టి మైనస్ గుర్తు రావచ్చు, కంగారు పడకండి, అంకె చాలు. ఫైబర్‌గ్లాస్ విమానమైతే కరెంటు తిరిగి రావడానికి లోహపు బాడీ ఉండదు, అంతా ఎర్త్ వైరు మీదే ఆధారం, కాబట్టి ఈ కొలత అస్సలు వదలొద్దు. లోహపు విమానాల్లో ఎర్త్ బోల్టు కింద మిగిలిపోయిన పెయింటే సగం కథ.

ఇక వెతకడం. బి టెర్మినల్‌కీ బ్యాటరీకీ మధ్య ఫ్యూజో బ్రేకరో, అమ్మీటర్ షంట్ (కరెంటు కొలవడానికి దారిలో పెట్టే ముక్క), కాంటాక్టర్ (పెద్ద కరెంటుకి వాడే స్విచ్చు), ఒక్కో చోట ఒక్కో లగ్గు (వైరు చివర బిగించే లోహపు కొన) ఉంటాయి. కొలతలో దారిని రెండు సగాలుగా విడదీసి ఏ సగంలో పోతోందో చూసి, ఆ సగాన్ని మళ్ళీ అలాగే విడదీసి కొలవండి. నా విషయంలో 0.8 వోల్టులు ఒకే ఒక్క లగ్గు దగ్గర పోతున్నాయి, షంట్ పక్కనే. పైకి మెరుస్తూనే ఉంది, కానీ దాని మీది హీట్‌ష్రింక్ తొడుగు అంచు టీ మరకలా గోధుమరంగుకి తిరిగింది. 20 ఆంపియర్లు పారుతున్నాయంటే అక్కడ 16 వాట్ల వేడి, అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి ప్యానెల్ వెనక ఆన్‌లో పెట్టినట్టే. వైరు లాగితే, లగ్గును దాని మీద నొక్కి బిగించిన క్రింపులోంచి ఊడొచ్చింది. కొత్త లగ్గు, సరైన క్రింపింగ్ టూల్, అంతే: ప్యానెల్ 14 చూపించింది.

ఓమ్స్‌లో పెట్టి చూస్తే సరిపోదా అంటారేమో. ఆ లగ్గు రెసిస్టెన్స్ 0.04 ఓమ్ మాత్రమే. మామూలు మల్టీమీటర్ ప్రోబ్ వైర్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది, ఇక అదేం పట్టుకుంటుంది?

రెగ్యులేటర్ విడిగా ఉన్నవాళ్ళకు కథ వేరు. అది వోల్టేజీ చూసుకునే సెన్స్ వైరు దారిలో పాత స్విచ్చో బ్రేకరో నిరోధం పెంచితే, వోల్టేజీ తక్కువుందని అది పొరబడుతుంది, దాంతో బ్యాటరీకి ఓవర్‌చార్జ్, లేదంటే అమ్మీటర్ ముల్లు వణుకుతూ ఉంటుంది. రోటాక్స్ 912 ఇంజన్ ఉన్నవాళ్ళు రెగ్యులేటర్ అవుట్‌పుట్ నుంచి కొలవండి, దాని సీ టెర్మినల్‌కి బస్ (పరికరాలన్నిటికీ కరెంటు పంచే పట్టీ) వోల్టేజీ అందుతోందో లేదో చూడండి. ఐడిల్‌లో తక్కువ ఇవ్వడం ఆ ఇంజన్ జనరేటర్ స్వభావం, లోపం కాదు.

ఒకటి మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు: ఆల్టర్నేటర్ పనిచేస్తోందా చూద్దామని ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకడం. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీకి రేడియో, ప్యానెల్ స్క్రీన్లు పోతాయి.

వచ్చే పాఠానికి హెడ్‌సెట్‌లో రివ్స్‌తో పాటు పెరిగే ఈల, దాని వెనకున్న డయోడ్ల (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగాల) సంగతి. ఈలోపు మీ విమానంలో ఈ రెండు కొలతలూ తీసుకుని, ఆ సమయంలో ఎన్ని ఆంపియర్లు పారాయో కూడా కలిపి లాగ్‌బుక్ వెనక రాసిపెట్టుకోండి.