ట్రాక్ ఎక్కే ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి

సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొని చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో నడపాలనుకునేవారు ముందుగా సైలెన్సర్‌కూ, అల్లాయ్ చక్రాలకూ డబ్బు పోస్తారు. ఆ మోజు తర్వాత తీర్చుకోవచ్చు. తొలి ఖర్చు బ్రేక్ ఆయిల్‌దే.

బిల్లు చూపిస్తే తప్ప, ఆయిల్ ఈమధ్యే మార్చానన్న పాత యజమాని మాట నమ్మకండి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే ప్రమాణానికి చెందిన రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. ఊళ్లో తిరిగినంత కాలం తేడా తెలియదు. ట్రాక్‌లో వరుసగా గట్టిగా బ్రేకులు వేస్తే మాత్రం కాలిపర్‌లో (చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) ద్రవం మరిగి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తబడి కిందికంటా దిగిపోతుంది. అదీ సరిగ్గా మలుపు ముందే!

కొత్తది పోశాక నాలుగు చక్రాల దగ్గరా గాలి తీయాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే మరొకరు కాలిపర్ మీది నిపుల్‌కు (గాలి తీసే చిన్న స్క్రూ) గొట్టం తగిలించి, దాన్ని వదులు చేయాలి. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. గొట్టంలో బుడగలు ఆగేదాకా ఇదే పని. ఈలోగా పైనున్న బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ కానివ్వకండి. బాడీ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేదంటే రంగు లేచిపోతుంది. సిలికాన్ రకమైన డాట్ 5 జోలికి పోకండి; పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు, అది సిలికాన్ రకం కాదు.

ఆఖరి చుట్టు నెమ్మదిగా తిప్పి బ్రేకులను చల్లారనివ్వండి. ఆపాక హ్యాండ్ బ్రేక్ లాగకుండా, గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టండి.