వరద తీసుకుపోయినవాటిలో మళ్ళీ కొననివి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు విజయవాడలో మా సింగ్‌నగర్ ఇంట్లోకి వచ్చినప్పుడు నేను మొదట కుట్టుమిషను తలను ఊడదీసి మంచం మీద పెట్టాను. మంచం కూడా మునుగుతుందని అప్పుడు తోచలేదు. తొమ్మిది రోజుల తర్వాత తలుపు తీస్తే ఇంట్లో ఉన్నవన్నీ ఒకటే రంగులో ఉన్నాయి. వీధి మలుపులో పరుపులు, టీవీలు, బియ్యం బస్తాలు, పిల్లల పుస్తకాలు గుట్టలు పోసి ఉన్నాయి. ఆ గుట్టలో మా వంతు ఎంతో పరిహారం కోసం రాసుకోవాల్సి వచ్చింది. 63 వస్తువులు తేలాయి. ఏడాది తిరిగాక అదే కాగితం తీసి చూస్తే, అందులో 26 వస్తువులను మేము మళ్ళీ కొననే లేదు. మొదట్లో డబ్బు లేక కొనలేదు. తర్వాత వాటి ఊసే ఎవరూ ఎత్తలేదు.

మావారు ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేస్తారు. నేను జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిపి అయిదుగురం. ఇద్దరి సంపాదనా కలిసి 30 వేలు దాటిందంటే అది మంచి నెల. పర్యావరణం పేరు చెప్పి అమ్మే వెదురు బ్రష్షులు, స్టీలు స్ట్రాలు, బొమ్మలు అచ్చువేసిన జనపనార సంచులు మా లెక్కలోకి రావు. చేతిలో డబ్బున్నా వాటి జోలికి పోను. ఉన్న ప్లాస్టిక్ డబ్బాలను పారేసి గాజు సీసాలు కొనుక్కోవడం ఏం పొదుపో నాకు అర్థం కాదు. మా పాత డబ్బాల్లో ఇప్పటికీ మినప్పప్పు, గోధుమపిండి ఉన్నాయి. వేడి వస్తువులు మాత్రం వాటిలో పోయను. పగిలిన రోజున చూసుకుంటాను.

కాబట్టి ఏదైనా కొనే ముందు ఒక కాగితం తీసుకోండి. కావాలనిపించిన వస్తువునూ, ఆ రోజు తేదీనీ రాసి వంటింటి తలుపుకు అంటించండి. నెల రోజులు ఆగండి. ఆ నెలలో ఆ వస్తువు లేక ఎన్నిసార్లు పని ఆగిందో పక్కన గీతలు పెట్టండి. మిక్సీకి రెండు రోజుల్లోనే ఆరు గీతలు పడ్డాయి, కొనేశాం. సోఫాకు ఒక్క గీతా పడలేదు. చాప మీద కూర్చున్న చుట్టాలెవరూ మాతో చుట్టరికం మానుకోలేదు. ఫ్రిజ్ సంగతి మాత్రం వేరు. అయిదు నెలలు అది లేకుండా గడిపాం. ఇసుకలో కుండ పెట్టి, చుట్టూ తడిగుడ్డ కప్పి కూరగాయలు దాచాను. ఫిబ్రవరి వరకు ఫరవాలేదనిపించింది. బెజవాడ ఎండలు మొదలయ్యాక దోసెల పిండి మధ్యాహ్నానికే పులిసి పొంగిపోయింది. ఫ్రిజ్ లేకుండా ఇక్కడ వేసవి గడపమని నేను ఎవరికీ చెప్పను. కొన్నది మాత్రం చిన్నది. దానివల్ల కూరగాయలు వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగానే తెస్తున్నాను. వెనక అరలో మరిచిపోయిన వంకాయలు కుళ్ళడం ఆగిపోయింది.

గ్యాసు దగ్గర లెక్క

సిలిండరు మార్చిన రోజున గోడ మీద సుద్దముక్కతో తేదీ వేయండి. ఈ పని ముందు చేయకపోతే కింద రాసినదంతా ఊరికే చదువుకోవడానికే. లోపల ఉండేది 14.2 కిలోల గ్యాసు. మాకు అది 32 రోజులు వచ్చేది. ఇప్పుడు 41, 42 రోజులు వస్తోంది. ఇందుకోసం కొన్న వస్తువు ఏదీ లేదు.

కందిపప్పును అరగంట ముందే నానబెడతాను. సెనగలు, రాజ్మా అయితే ముందు రాత్రే. కుక్కరులో అడుగున పప్పు గిన్నె, దాని మీద బియ్యం గిన్నె, ఆ పైన చిన్న పళ్ళెంలో దుంపలో, అరటికాయో పెడితే మూడు వంటలు ఒకే మంట మీద అవుతాయి. మొదటి కూత రాగానే మంట తగ్గించాలి. ఆ తర్వాత పెద్ద మంట పెట్టినా లోపల ఉడుకు పెరగదు, కూతలే పెరుగుతాయి. పొయ్యి ఆపాక ఆవిరి దానంతటదే దిగాలి. గరిటెతో వెయిట్ ఎత్తి బుస్సుమనిపించడం మా అమ్మాయికి సరదా. ఆ ఆవిరిలో ఇంకా ఎంతో ఉడుకు ఉంటుంది, దాన్ని గాలికి వదిలేసినట్టే. గిన్నె అడుగున తడి ఉంటే తుడిచి పొయ్యి మీద పెట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, కూర కాసేపు బయట ఉంచాకే వేడి చేయండి. మంట నీలంగా కాక పచ్చగా వస్తూ, గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయంటే బర్నరు రంధ్రాలు పూడుకున్నాయని అర్థం. చల్లారాక తీసి, పిన్నుతో పొడిచి, కడిగి, బాగా ఆరబెట్టి బిగించండి.

తొక్కల విషయంలో మా అత్తగారికి నేను నేర్పగలిగింది ఏమీ లేదు. బీరకాయ కూర చేసిన రోజున బీరపొట్టు పచ్చడి ఉండి తీరాలి. పుచ్చకాయ తిన్నాక ఎర్రటి గుజ్జుకూ, పచ్చటి తొక్కకూ నడుమ ఉండే తెల్లటి భాగాన్ని ఆవిడ సొరకాయలాగా పప్పులో వేస్తారు. చెప్పకపోతే ఎవరూ పోల్చలేరు. వార్చిన గంజి ఉప్పు వేసుకుని తాగడానికో, నూలు చీరలకు పెట్టడానికో పోతుంది.

కరెంటు బిల్లు వెనక

మన రాష్ట్రంలో వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల ధర పెరుగుతుంది. 2022లో మారిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయల చొప్పున, 126 నుంచి 225 వరకు 6 రూపాయల చొప్పున, 226 నుంచి 400 వరకు 8.75 చొప్పున ధరలు పెట్టారు. అంటే మీరు తగ్గించే యూనిట్లు మీ బిల్లులో అన్నిటికంటే ఖరీదైనవి. ఈ ఒక్క సంగతి తెలిశాక మావారు కూడా లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు.

తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు కొనమని అందరూ చెబుతున్నారు. లెక్క వేసుకుని కొనండి. పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది సుమారు 30 వాట్లు. నా మిషను మీది ఫ్యాను రోజుకు 15 గంటలు తిరుగుతుంది. పాతదానికి నెలకు దాదాపు 34 యూనిట్లు, కొత్తదానికి 14 లోపు. మిగిలేది 20 యూనిట్లు, 6 రూపాయల లెక్కన 120. నేను 2,800 పెట్టి కొన్నాను. ఆ డబ్బు తిరిగి రావడానికి రెండేళ్ళు పడుతుంది. చలికాలంలో వాడకం తగ్గుతుంది కనుక ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. అందుకే ఇంట్లో ఎక్కువసేపు తిరిగే ఒక్క ఫ్యాన్‌నే మార్చాం. పడకగదిలోది పాతదే. దాని వైండింగు కాలిపోయిన రోజున మళ్ళీ చుట్టించకుండా కొత్తది తెస్తాం. బాగున్న ఫ్యాన్‌ను పాత సామానుకు వేసి అప్పు మీద మూడు కొత్తవి కొనడం నాకు నచ్చదు.

గుడ్డ నా పని కనుక కొంచెం ఎక్కువ చెబుతాను

వరద నీళ్ళు తీశాక మురుగుకాలవల్లోంచి తోడి పోసిన బురదలో సగం పల్చటి కవర్లే ఉన్నాయి. 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ సంచులను 2022 చివర్లోనే దేశమంతా నిషేధించారు. అయినా ఏ బండి దగ్గరకు వెళ్ళినా ఇస్తూనే ఉన్నారు. వద్దనాలంటే చేతిలో మరొకటి ఉండాలి.

సంచి కుట్టడానికి పాత ప్యాంటు ఒక్కటి చాలు. కాలి పైభాగం నుంచి, అంటే తొడ దగ్గర, 16 అంగుళాల పొడవు గొట్టంలా కత్తిరించండి. తిరగేసి అడుగును రెండు వరసలు కుట్టండి. అడుగు మూలలు రెంటినీ త్రికోణంలా చదును చేసి, కొస నుంచి 2 అంగుళాల లోపలికి అడ్డంగా ఒక కుట్టు వేస్తే సంచి కిందపెట్టినా నిలబడుతుంది, టమాటాలు నలగవు. పై అంచును అంగుళంన్నర మడిచి కుట్టండి. పిడికి విడిగా గుడ్డ వెతకవద్దు. ప్యాంటు నడుం పట్టీని విప్పి రెండు ముక్కలు చేయండి, అంతకంటే గట్టి పట్టీ మీకు బజారులో దొరకదు. పిడి కొసలను చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తు వేయండి. చాలామంది ఒక్క వరసతో వదిలేస్తారు, మూడోసారి కందగడ్డ మోయగానే ఊడుతుంది. మిషను లేకపోతే మందపాటి దారంతో, ప్రతి కుట్టుకూ కొంచెం వెనక్కి వచ్చి ముందుకు వేస్తూ చేత్తో కుట్టండి. నా సంచుల్లో ఒకటి రైతు బజారుకు వారానికి రెండుసార్లు పోయి వస్తూ ఏడాది దాటింది.

చేపలకు స్టీలు డబ్బా తీసుకువెళ్ళండి. తూకానికి ముందు ఖాళీ డబ్బాను కాటా మీద పెట్టించి సున్నా చేయమని అడగాలి. ఇది అడగడానికి నేను మొహమాటపడి రెండు నెలలు డబ్బా బరువుకు కూడా డబ్బు కట్టాను.

చొక్కా కాలరు మడత దగ్గర అరిగిపోతే చొక్కాను పారేయవద్దు. కాలరు కుట్లు విప్పి, తిరగేసి, మళ్ళీ కుడితే అరగని వైపు పైకి వస్తుంది. మా అబ్బాయి బడి చొక్కాలు ఇలాగే మరో ఏడాది నడిచాయి. జాకెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలను రెండు సంచుల్లో వేరు చేస్తాను. నూలువి ఇల్లు తుడవడానికి, గిన్నెలు దించే మసిగుడ్డలకు. పాలిస్టరువి నీళ్ళు పీల్చవు కనుక దిండ్లలో కూరడానికి. పాత చీరలు నాలుగు పొరలు వేసి కుట్టిన బొంత అత్తగారి చేతిది. పరుపు పోయాక మొదటి చలికాలమంతా పిల్లలు దాని మీదే పడుకున్నారు. చినగని పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్ళు వీధిలోకి వస్తారు. వరదలో కొట్టుకుపోయిన మూడు గిన్నెలు అలా తిరిగి వచ్చాయి.

ఇక ప్రయాణాలకు చెప్పేది తక్కువే. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేకుండా చేసిన స్త్రీ శక్తి పథకం మొదలైనప్పటి నుంచి వన్‌టౌన్‌కు లైనింగు గుడ్డ, దారాలు కొనడానికి ఆటో ఎక్కడం మానేశాను. సిటీ బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

బకెట్టు ఎరువు, ఒకసారి చెడగొట్టాక

వరద తర్వాత భయంతో పై అంతస్తు వాటాకు మారాం. డాబా మీద నాలుగు కుండీలకు ఎరువు చేద్దామని పెయింటు బకెట్టులో తడి చెత్త వేసి మూత బిగించాను. పదో రోజున మూత తీస్తే పురుగులు, కంపు. ఇంటి యజమానురాలు మామ్మగారు కింది నుంచే ఆ వాసన పసిగట్టి పైకి వచ్చారు.

తప్పు రెండు చోట్ల ఉంది. గాలి లేదు, ఎండు చెత్త లేదు. ఈసారి బకెట్టుకు పక్కల, అడుగున కాల్చిన మేకుతో 20 రంధ్రాలు పెట్టి, కింద పాత పళ్ళెం ఉంచాను. అడుగున ఒక బెత్తెడు ఎండు రావి ఆకులు. దాని మీద ఆ రోజు తొక్కలు, టీపొడి పిప్పి, చిన్న ముక్కలుగా తరిగి. పైన వాటికి రెండింతలు ఎండాకులు, లేదా వడ్రంగి దగ్గర అడిగి తెచ్చిన రంపపు పొట్టు. వారానికి ఒకసారి కొంచెం పుల్లమజ్జిగ చిలకరించి కర్రతో కలపాలి. కంపు వస్తే తడి ఎక్కువైనట్టు, ఎండాకులు వేయండి. చీమలు పడితే పొడి ఎక్కువైనట్టు, నీళ్ళు చల్లండి. వండిన కూరలు, చేపల పొట్టు వేయవద్దు, పందికొక్కులు వస్తాయి. నిండాక రెండు నెలలు కదపకుండా ఉంచితే నల్లగా, వాన పడిన మట్టి వాసనతో ఉంటుంది. మొదటి బకెట్టు ఎరువులో సగం మామ్మగారి కనకాంబరాలకు ఇచ్చి రాజీ కుదుర్చుకున్నాను.

డాబా మీద సున్నం

నీళ్ళకు భయపడి పైకి వస్తే ఎండ పట్టుకుంది. మేలో రాత్రి పదింటికి కూడా పైకప్పు సెగలు కక్కేది. కూలరు కొనాలన్న కాగితానికి గీతలు పడుతూనే ఉన్నాయి. ఈ మార్చిలో మామ్మగారిని అడిగి డాబాకు సున్నం వేశాం. తెల్లటి కప్పు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది, ఇందులో రహస్యం ఏమీ లేదు.

సున్నం రాళ్ళను ముందు రోజు ఇనుప డ్రమ్ములో నీళ్ళు పోసి, అందులో కొద్దికొద్దిగా వేయాలి. కుతకుత ఉడుకుతుంది. పిల్లలను దగ్గరికి రానివ్వకండి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పవు. మర్నాడు గుడ్డతో వడకట్టి, బంక కలిపి, చిక్కటి పాలలాగా చేసుకోవాలి. డాబా ఊడ్చి, కడిగి, ఇంకా చెమ్మగా ఉండగానే సాయంత్రం పూట ఒక చేయి, అంటే ఒక పూత, వేయాలి. మర్నాడు సాయంత్రం రెండో చేయి, మొదటిదానికి అడ్డంగా. మిట్టమధ్యాహ్నం వేస్తే తడి ఒక్కసారిగా లాగేసి పొడిలా రాలిపోతుంది. పగుళ్ళు ఉంటే ముందే సిమెంటుతో పూడ్చుకోండి.

ఈ వేసవికి కూలరు కొనే అవసరం తప్పింది. రాత్రి తొమ్మిదింటికి చెప్పులు లేకుండా డాబా మీద నడవగలుగుతున్నాం. వానాకాలం వెళ్ళేసరికి సున్నం చాలావరకు కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. వచ్చే ఏడాది ఖర్చులో సగం తానిస్తానని మామ్మగారు అన్నారు. అయితే కింద తన వరండా గోడలకు కూడా ఒక చేయి వేసి పెట్టాలట.