కూల్‌డ్రింక్‌పై ఫిర్యాదు వచ్చిన మొదటి రోజు ఏం చేయాలి

క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరేవాళ్లకు నేను మొదట నేర్పేది సీసా మీద ఉన్న కోడ్ చదవడం. ఏ తేదీన, ఏ లైన్‌లో, ఎన్ని గంటలకు నింపారో ఆ చిన్న ఇంకు అక్షరాల్లోనే ఉంటుంది. ఫిర్యాదు ఫోన్ రాగానే "ఎక్కడ కొన్నారు, బిల్లుందా" అని ఆరా తీయకండి. తాగినవాళ్లకు ఎలా ఉందో అడగండి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి వెళ్లమనండి. తర్వాతే కోడ్ చదివి చెప్పమనండి. సీసా పారేయొద్దనండి.

కోడ్ తెలియగానే ఆ బ్యాచ్ లోడింగ్ ఆపించి, ఏ డిస్ట్రిబ్యూటర్‌కు ఎన్ని పెట్టెలు వెళ్లాయో లెక్క తీయండి. ల్యాబ్‌లో దాచిన అదే బ్యాచ్ శాంపిల్‌ను పరీక్షకు పంపండి. ఎండాకాలంలో స్టాక్ ఆపితే ఎలా అని సేల్స్ వాళ్లు గొడవ చేస్తారు. రిపోర్టు వచ్చేదాకా ఒప్పుకోకండి.

అసలు కష్టం పత్రికలకు ఏం చెప్పాలన్నదే. 1990లో అమెరికాలోని నార్త్ కరోలినాలో పెరియర్ అనే ఫ్రెంచ్ కంపెనీ సీసా నీళ్లలో బెంజీన్ అనే విష రసాయనం బయటపడింది. ఎవరో క్లీనింగ్ ద్రవం పొరపాటుగా వాడారని, సమస్య అమెరికాకు వెళ్లే సీసాల వరకేనని కంపెనీ తొందరపడి చెప్పేసింది. కొద్ది రోజులకే యూరప్ సీసాల్లోనూ అది దొరికింది. ఊటలోని గ్యాస్‌ను శుద్ధిచేసే ఫిల్టర్లను సమయానికి మార్చకపోవడమే కారణమని తేలింది. దాదాపు 16 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించారు. బెంజీన్ కన్నా ఆ మొదటి మాటే పెరియర్ పేరును ఎక్కువ దెబ్బతీసిందని నా నమ్మకం.

అందుకే మీరు చెప్పాల్సింది ఇంతే: "కారణం ఇంకా తేలలేదు. ఈ కోడ్ సీసాలు తాగకండి. రేపు సాయంత్రం మళ్లీ చెబుతాం." కొత్త సంగతి ఏమీ లేకపోయినా రేపు సాయంత్రం చెప్పి తీరాలి.

ఆధారం ఉంటే మాత్రం గట్టిగా మాట్లాడండి. 1993లో పెప్సీ డబ్బాల్లో సిరంజిలు దొరికాయని అమెరికా అంతటా గోల లేచింది. క్షణంలో డబ్బా నిండి, మూత పడే తీరును కంపెనీ టీవీల్లో చూపించింది. ఒకావిడ డబ్బాలో సిరంజి వేస్తుండగా దుకాణం కెమెరాకు చిక్కింది కూడా.

మన దేశంలో 2003లో సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) అనే ఢిల్లీ స్వచ్ఛంద సంస్థ కూల్‌డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలున్నాయంటే కోక్, పెప్సీ రెండూ కలిసి కొట్టిపారేశాయి. 2004లో పార్లమెంటరీ కమిటీ సీఎస్‌ఈ ఫలితాలనే సమర్థించింది. కాబట్టి ఫిర్యాదేమీ లేని ఈరోజే మీ బోరు నీటి రిపోర్టులు తెప్పించుకోండి. పురుగుమందులకు యూరప్ పెట్టిన పరిమితులకు ఆ నీళ్లు నిలుస్తాయో లేదో చూసి, నిలవకపోతే పైవాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయండి.