సిల్ఫ్రాలో డ్రైసూట్ తొడుక్కునే ముందు

ఐస్‌లాండ్‌లో డైవింగ్ చేసే నీటి చీలిక సిల్ఫ్రా. అక్కడి నీళ్లు ఏడాదంతా 2–4 డిగ్రీలే. అందుకే ఒంటికి నీళ్లు తగలనివ్వని డ్రైసూట్ వేసుకోవాలి. ముందు ఒకసారి టాయిలెట్‌కి వెళ్లి రండి. సూట్ వేసుకున్నాక ఆ పని పెద్ద తతంగం.

• లోపల ఉన్ని లేదా ఫ్లీస్ బట్టలు. కాటన్ వద్దు, చెమటకు తడిసి వణికిస్తుంది.

• గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరాలు, వాచీ, గాజులు, జుంకాలు తీసేయండి. మంగళసూత్రం సంగతి ఇంట్లోనే తేల్చుకుని రండి. మెడ సీల్ (నీళ్లు దిగకుండా మెడను బిగుతుగా పట్టే రబ్బరు అంచు) కింద సన్నటి గొలుసున్నా, నాలుగు వెంట్రుకలు ఇరుక్కున్నా నీళ్లు లోపలికి దిగుతాయి.

• లేటెక్స్ సీల్‌కి వాసన లేని టాల్కం పౌడర్ రాయండి. నూనె, వ్యాజలీన్ తగిలితే రబ్బరు పాడవుతుంది. మెడ సీల్‌ని అంచు పట్టి గుంజొద్దు. రెండు చేతుల వేళ్లూ లోపలికి పెట్టి, వెడల్పు చేసి, తల మెల్లగా దూర్చండి. తర్వాత వేలితో చుట్టూ తడిమి ముడతలు సరిచేయండి. కాస్త బిగుతు మామూలే. తల తిరిగితే మాత్రం వెంటనే తీసేయమనండి, మొహమాటపడొద్దు.

• వీపు మీది జిప్ పక్కవాళ్లతో వేయించుకోండి. చివరి అంగుళం దాకా పడిందా అని ఇంకొకరు చూడాలి. లోపలి బట్ట ఇరుక్కుంటే బలవంతంగా లాగొద్దు.

• గొంతుక్కూర్చుని, మెడ సీల్ కొద్దిగా తెరిచి, లోపలి గాలి వదిలేయండి.

• సూట్‌లోకి గాలి పంపే ఇన్‌ఫ్లేటర్ గొట్టం తగిలించి, గాలి నింపేది, వదిలేది, రెండు వాల్వులూ నొక్కి చూశాకే నీళ్లలోకి.