డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చే ముందు

☐ ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూడకండి. ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించండి.

☐ తెలియకుండా అన్నంలో కలిపే మాత్రలు వద్దే వద్దు. వాటిలో డైసల్ఫిరామ్ అనే తాగుడు మాన్పించే మందు ఉండొచ్చు, అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండెకే ప్రమాదం.

☐ చికిత్స కోసం అప్పు చేయకముందే ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, అది ఉచితం. ఎర్రగడ్డ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. అక్కడికెళ్తే పరువు పోతుందని ఆగకండి.

☐ ప్రైవేటు సెంటరైతే 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా? రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు? పడకలు, బాత్రూమ్‌లు మీరే చూడండి. గొలుసులతో కట్టేయడం చట్టవిరుద్ధం. “నెల దాకా కలవడానికి రావద్దు” అంటే నా మాట విని వెనక్కి వచ్చేయండి.

☐ డబ్బంతా ఒకేసారి కట్టకండి. మందులు, పరీక్షలు ప్యాకేజీలో ఉన్నాయా, మధ్యలో వచ్చేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి.

☐ ఇన్సూరెన్స్ ఉందని ధీమా పడకండి. చాలా పాలసీల్లో వ్యసన చికిత్స మినహాయింపుల జాబితాలో ఉంటుంది.

☐ ఇంటికొచ్చాక నెలల తరబడి మందులు, కౌన్సెలింగ్ అవసరం. ఆ డబ్బు ఇప్పుడే విడిగా పెట్టుకోండి.