జీఎంటీ మాస్టర్ 2లో ఇండియా టైము పెట్టుకోవడం ఎలా: ఆ అరగంట గొడవతో సహా

డాలస్‌లో ఉంటూ తెనాలి టైము చేతి మీదే చూసుకుందామని ఎన్నాళ్లో డబ్బులు దాచి రోలెక్స్ జీఎంటీ మాస్టర్ 2 కొన్నాను, నలుపు నీలం రంగుది, అందరూ బ్యాట్‌మ్యాన్ అనేది. కొన్న వారానికే అర్థమైంది, రెండు టైముల వాచీ అంటే ముందు గుర్తొచ్చే ఈ వాచీకి మన దేశం టైము సూటిగా చూపించడం చేతకాదని. మనకి గ్రీన్‌విచ్ టైముతో (జీఎంటీ అంటే అదే, లండన్‌లో చలికాలం నడిచే టైము) తేడా అయిదున్నర గంటలు. ఆ "ఉన్నర" దగ్గరే వస్తుంది చిక్కంతా. చిక్కుంది కానీ, దాన్ని దాటే చిన్న పద్ధతి కూడా ఉంది. అలవాటైతే లెక్క కూడా వేయక్కర్లేదు.

ముందు వాచీ సంగతి. 1950ల మధ్యలో పాన్ ఆమ్ అనే అమెరికా విమాన కంపెనీ పైలట్ల కోసం రోలెక్స్ తయారుచేసిన మోడల్ ఇది, మొదటి రెఫరెన్స్, అంటే మోడల్ నంబరు, 6542. మామూలు మూడు ముళ్లతో పాటు, చివర బాణం గుర్తున్న నాలుగో ముల్లు ఒకటుంటుంది, అది రోజుకి ఒక్కసారే చుట్టు తిరుగుతుంది. డయల్ చుట్టూ తిప్పగలిగే రింగు, అంటే బెజెల్ మీద 24 గంటల అంకెలు. ఎరుపు నీలం బెజెల్ చూసే ఉంటారు, అందులో ఎరుపు పగలు, నీలం రాత్రి. మొదటి వాటికి బేకలైట్ (పాతకాలం ప్లాస్టిక్) బెజెల్ వేస్తే పగిలిపోయేది, తర్వాత అల్యూమినియం వేశారు, ఇప్పుడు సిరామిక్. పైలట్లు ఆ నాలుగో ముల్లుని గ్రీన్‌విచ్ టైముకి పెట్టుకునేవాళ్లు, ఎందుకంటే ఏ దేశం మీద ఎగురుతున్నా విమానాల లెక్కలన్నీ ఆ టైములోనే నడుస్తాయి. మనం దాన్ని అమ్మా నాన్నల టైముకి పెట్టుకుంటున్నాం, అంతే తేడా.

ఒక్క విషయం కొనేముందే తెలుసుకోండి. పాత జీఎంటీ మాస్టర్‌లో, అంటే 1675 నంబరు లాంటి వాటిలో, గంటల ముల్లూ 24 గంటల ముల్లూ ఒకదానికొకటి కట్టేసినట్టు కలిసి తిరుగుతాయి, రెండో టైము బెజెల్ తిప్పి చూసుకోవాల్సిందే. 1980ల మొదట్లో వచ్చిన 16760 నుంచే "మాస్టర్ 2" అన్నారు, దాంట్లో గంటల ముల్లు ఒక్కదాన్నీ విడిగా జరపొచ్చు. ఇక్కడ నేను చెప్పేదంతా ఈ రెండో రకం గురించి. నా దగ్గరున్నది 126710, లోపల 3285 మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం), ఒకసారి పూర్తిగా కీ ఎక్కితే సుమారు 70 గంటలు నడుస్తుంది. అంటే శుక్రవారం సాయంత్రం తీసి పెట్టినా సోమవారం పొద్దున్నకి ఇంకా నడుస్తూనే ఉండాలి.

ఇక సెట్ చేయడం. పక్కనుండే క్రౌన్, అంటే కీ ఇచ్చే చిన్న బిళ్ల, స్క్రూలాగా బిగించి ఉంటుంది. ఎడమవైపుకి, అంటే మీ వైపుకి తిప్పితే వదులై కాస్త బయటికొస్తుంది. అక్కడ ఉండగా ముందుకి తిప్పితే కీ ఎక్కుతుంది. ఆగిపోయిన వాచీ అయితే ఓ పాతిక చుట్లు తిప్పండి. ఒక మెట్టు లాగితే గంటల ముల్లు ఒక్కటే గంట గంటకీ టక్ టక్ మని గెంతుతుంది, సెకన్ల ముల్లు ఆగదు. ఇంకో మెట్టు, చివరిదాకా లాగితే సెకన్లు ఆగిపోయి, తిప్పినప్పుడు నిమిషాలూ గంటలూ 24 గంటల ముల్లూ అన్నీ కలిసి కదులుతాయి. ఈ రెండు మెట్లకీ తేడా చేతి వేళ్లకి తెలిసేదాకా రోజూ రెండుసార్లు ఊరికే లాగి చూడండి, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

వరస ముఖ్యం: ముందు 24 గంటల ముల్లు, తర్వాతే గంటల ముల్లు. తారుమారు చేస్తే మళ్లీ మొదటికొస్తారు.

బెజెల్ మీద త్రికోణం సరిగ్గా 12 దగ్గర ఉందో లేదో చూసుకోండి. జేబులో చెయ్యి పెట్టి తీసినప్పుడు ఒక క్లిక్కు జరిగినా జరగొచ్చు, అది గమనించకపోతే గంట తేడాతో చదువుతారు. ఇప్పుడు ఉదాహరణకి ఎండాకాలం, డాలస్‌లో పొద్దున్న 8:10 అనుకుందాం. అప్పుడు ఇండియాలో సాయంత్రం 6:40, అంటే 18:40. 24 గంటల ముల్లుని 18:40కి పెట్టాలనిపిస్తుంది, కానీ కుదరదు. నిమిషాల ముల్లుతో పళ్లచక్రాలు కలిసి ఉన్నాయి కాబట్టి నిమిషాలు పది దగ్గరుంటే ఆ ముల్లు కూడా ఏదో ఒక గంట దాటి పది నిమిషాల దగ్గరే ఉండాలి. అందుకని అరగంట వదిలేసి 18:10కి పెట్టండి. సెకన్ల ముల్లు 12 మీదికి రాగానే క్రౌన్ చివరిదాకా లాగి, బాణం బెజెల్ మీద 18 కొంచెం దాటేలా, నిమిషాలు పది మీద ఉండేలా తిప్పి, ఫోన్‌లో నిమిషం మారగానే ఒక మెట్టు లోపలికి నొక్కండి. వాచీ నడవడం మొదలవుతుంది. గంటల ముల్లు ఈపాటికి ఎక్కడో అడ్డదిడ్డంగా ఉంటుంది, కంగారు పడొద్దు. ఇప్పుడున్న మెట్టులోనే దాన్ని గెంతించుకుంటూ 8కి తీసుకురండి. తేదీ ఈ ముల్లుతోనే మారుతుంది. ముల్లు 12 దాటినప్పుడు తేదీ మారితే అది అర్ధరాత్రి, మారకపోతే మధ్యాహ్నం. పొద్దున్న 8 కావాలి కాబట్టి తేదీ మారాక వచ్చే 8 దగ్గర ఆపాలి. తేదీకి విడిగా తొందరగా మార్చే ఏర్పాటు ఇందులో లేదు, పది రోజులు ముందుకి జరపాలంటే గంటల ముల్లుని ఇరవై చుట్లు తిప్పాల్సిందే. వెనక్కి తిప్పితే తేదీ వెనక్కీ వస్తుంది, అదొక ఊరట. అయిపోయాక లోపలికి నొక్కి బిగించండి. 100 మీటర్ల నీటి రక్షణ ఆ మర బిగిస్తేనే, వదులుగా వదిలేసి గిన్నెలు కడగొద్దు.

ఇలా పెట్టాక 24 గంటల ముల్లు చూపించేది నిజానికి కరాచీ టైము. నవ్వొచ్చినా అదే నిజం, పాకిస్తాన్ గ్రీన్‌విచ్‌కి సరిగ్గా అయిదు గంటలు ముందుంటుంది. దానికి అరగంట కలిపితే మనది. అసలు మనకీ అరగంట ఎందుకొచ్చిందంటే, భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, మన దేశం టైముకి కొలతగా పెట్టుకున్న రేఖ 82.5 డిగ్రీల తూర్పు, భాగిస్తే అయిదున్నర. ఆ రేఖ మన కాకినాడకి దగ్గరగా పోతుంది. అంటే ఇంత ఖరీదు వాచీని ఇబ్బంది పెడుతున్నది మన గోదావరి జిల్లా వైపు నుంచే అన్నమాట.

అరగంట ప్రతిసారీ మనసులో కలుపుకోవాలా అంటే, అక్కర్లేదు. గంటకి, బాణానికి దగ్గరగా ఉన్న గంట గుర్తు చూడండి. నిమిషాలకి, నిమిషాల ముల్లుకి సరిగ్గా ఎదురుగా డయల్ అవతలి పక్క ఏముందో చూడండి. అంతే. 8:10కి బాణం 18 కొంచెం దాటి ఉంది, దగ్గరి గుర్తు 18. నిమిషాల ముల్లు 2 మీద ఉంది, ఎదురుగా 8, అంటే నలభై. 18:40. ఇంకోటి: డాలస్ 8:45. బాణం 18 దాటి ముప్పావు దూరం పోయింది, దగ్గరి గుర్తు 19 (బెజెల్ మీద సరి అంకెలే ఉంటాయి, బేసి గంటలకి చిన్న గుర్తు మాత్రమే). నిమిషాల ముల్లు 9 మీద, ఎదురుగా 3, అంటే పదిహేను. 19:15, సాయంత్రం ఏడుంబావు. నేను ఈ పద్ధతి కనిపెట్టుకునే ముందు నెల రోజులు వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇప్పుడు చూపు ఆటోమేటిగ్గా అటే పోతుంది.

ఇలా ఇండియా టైముని ఆ ముల్లుకి ఇవ్వడంలో ఇంకో లాభం ఉంది. మన దేశంలో గడియారాలు ముందుకీ వెనక్కీ జరపడం లేదు, అమెరికాలో ఉంది: మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి. ఆ రెండు రోజులూ 24 గంటల ముల్లుని ముట్టుకోకుండా, క్రౌన్ ఒక్క మెట్టు లాగి గంటల ముల్లుని ఒక గెంతు జరిపితే చాలు. నేను మొదటి నవంబర్‌లోనే ఇది చెడగొట్టాను. నిద్రమత్తులో చివరిదాకా లాగేసి అన్నీ కలిపి గంట వెనక్కి తిప్పాను. డాలస్ టైము సరిగ్గానే కనిపిస్తోంది కాబట్టి అనుమానం రాలేదు. ఆదివారం పదకొండింటికి వాచీ చూసి, అక్కడ రాత్రి తొమ్మిదిన్నరే కదా, నాన్న వార్తలు చూస్తూ ఉంటారని ఫోన్ చేశాను. అక్కడ పదిన్నర, తలుపులేసుకుని పడుకున్నారు. ఎత్తగానే "ఎవరికేమైందిరా" అన్నారు. ఏం కాలేదు నాన్నా, వాచీ తప్పు తిప్పాను అంటే, ఎంత పెట్టి కొన్నావన్నారు. అసలు రేటు ఇప్పటికీ చెప్పలేదు.

మీరుండే ఊరిని బట్టి ముళ్ల మధ్య తేడా ఇలా ఉండాలి. డాలస్, హ్యూస్టన్, చికాగో వాళ్లకి 24 గంటల ముల్లు ఎండాకాలం పది గంటలు ముందు, చలికాలం పదకొండు. న్యూజెర్సీ, అట్లాంటా వైపు తొమ్మిది, పది. కాలిఫోర్నియాకి పన్నెండు, పదమూడు. కాలిఫోర్నియా వాళ్లకి ఎండాకాలంలో ఇంకా తేలిక, గంట అంకె అదే, పగలు రాత్రి తారుమారు, పైన అరగంట, అంతే కాబట్టి నిజానికి ఆ ముల్లు అవసరం కూడా పెద్దగా లేదు. దుబాయ్‌కి ఒక్క గంట ముందు, సింగపూర్‌కి మూడు గంటలు వెనక. ఎక్కడున్నా అరగంట కలపడం మాత్రం మారదు.

ప్రయాణాల్లో ఈ వాచీ అసలు సుఖం తెలుస్తుంది. డాలస్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ వస్తున్నారనుకోండి, దుబాయ్‌లో దిగేముందు ఒక మెట్టు లాగి గంటల ముల్లుని అక్కడి టైముకి గెంతిస్తే సరి, నిమిషాలూ సెకన్లూ చెదరవు. తేదీ దానంతటదే సర్దుకుంటుంది. హైదరాబాద్‌లో దిగాక మాత్రం, గెంతులతో అరగంట రాదు కాబట్టి, చివరిదాకా లాగి నిమిషాలు సరిచేయాల్సిందే. నేనైతే రెండు మూడు వారాల కోసం వచ్చినప్పుడు పూర్తిగా ఇండియా టైముకి తిప్పేసి, 24 గంటల ముల్లుని డాలస్‌కి దగ్గరగా వదిలేస్తాను. ఆఫీసు వాళ్లు మేలుకునే ఉన్నారా లేదా తెలిస్తే చాలు, సెలవులో అంతకంటే ఎక్కువ తెలియకపోవడమే మంచిది.

మూడో టైము కావాలంటే బెజెల్ ఉంది. కొత్త వాటిలో చుట్టూ 24 క్లిక్కులు, క్లిక్కుకి ఒక గంట, రెండువైపులా తిరుగుతుంది. తూర్పు ఊరికి ఎడమవైపు, అంటే గడియారం తిరిగే దిశకి ఎదురుగా తిప్పాలి, పడమర ఊరికి కుడివైపు. ముల్లు అయిదు గంటల లెక్కలో ఉంది కాబట్టి సింగపూర్ చూడాలంటే మూడు క్లిక్కులు ఎడమకి, దుబాయ్‌కి ఒక్కటి కుడికి. వాటికి అరగంట గొడవ లేదు, నిమిషాలు ఉన్నవి ఉన్నట్టే. చూశాక త్రికోణాన్ని మళ్లీ 12కి తెచ్చేయండి, లేదంటే రేపు ఇండియా టైము తప్పు చదువుతారు. పాత 1675 లాంటి వాటి బెజెల్‌కి క్లిక్కులు లేవు, రాపిడితో ఆగుతుంది, కాబట్టి రెండు గంటలకి మధ్యలో కూడా ఆపొచ్చు. మన అయిదున్నరకి సరిగ్గా సరిపోయేది నిజానికి ఆ పాత వాచీయే!

కొనేవాళ్లకి రెండు మాటలు. సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే, డబ్బు మాట్లాడేముందు క్రౌన్ ఒక మెట్టు లాగించి చూపించమనండి. గంటల ముల్లు గెంతకుండా 24 గంటల ముల్లు కదిలిందంటే లేచి వచ్చేయండి, నకిలీల్లో చాలావాటికి అలాగే ఉంటుంది. గెంతినంత మాత్రాన అసలుదే అని కాదు, తెలిసినవాళ్ల చేత వెనక మూత తీయించి చూపించుకోవాలి. అలా 24 గంటల ముల్లు విడిగా కదిలే వాచీలు తప్పుడువని కాదు సుమా. సీకో 5 స్పోర్ట్స్ జీఎంటీ అలాంటిదే, 2022లో వచ్చింది, రోలెక్స్‌తో పోలిస్తే రేటు చాలా తక్కువ, ఒకే ఊళ్లో కూర్చుని వేరే దేశంతో కాల్స్ మాట్లాడేవాళ్లకి అది చాలు. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్లతో పని చేసేవాళ్లకి నేనదే చెప్తాను. తరచూ విమానం ఎక్కేవాళ్లకే గెంతే గంటల ముల్లు పనికొస్తుంది.

లండన్‌లో ఉన్నవాళ్లకైతే చలికాలంలో ఇవేవీ అక్కర్లేదు. ఇండియా టైముతో నడిచే ఏ ముళ్ల వాచీనైనా తలకిందులు చేయండి. తొమ్మిదిన్నరకి చూస్తే, 6 మీదున్న నిమిషాల ముల్లు పైకొస్తుంది, గంటల ముల్లు 3కీ 4కీ మధ్య కనిపిస్తుంది. గంటకి దగ్గరి అంకె తీసుకోండి, ఇలా సరిగ్గా మధ్యలో ఉంటే పెద్దది: నాలుగు గంటలు, లండన్ టైము. మార్చి ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు ముందుకి జరిగాక మాత్రం గంట కలుపుకోవాలి, అక్టోబర్ ఆఖరి ఆదివారం దాకా.